గోడ మీది కమాండు

నా ఈ వీడ్కోలు సభకు పెద్దదిక్కుగా కూర్చున్న డాక్టర్ రఘుపతి గారికి, పని మానుకుని వచ్చిన పెద్దలకు, పని ఎగ్గొట్టి వచ్చిన మిత్రులకు, సభ ఎప్పుడు ముగుస్తుందా, తమ వంతు ఎప్పుడొస్తుందా అని వెనక బెంచీల మీద ఎదురుచూస్తున్న పేషెంట్లకు, అందరికీ నమస్కారం.

శాలువా కప్పారు. నల్గొండ ఎండల్లో శాలువా కప్పించుకున్న మనిషి ఎక్కువసేపు మాట్లాడదు, మీరు భయపడకండి. (నవ్వులు) ప్రమీలమ్మ లేకుంటే ఈ స్కానింగ్ సెంటర్ నడవదని డాక్టరు గారు ఇందాక సెలవిచ్చారు. నేను సెలవు చీటీ ఇచ్చిన రోజుల్లో తప్ప ఈ మాట వారి నోట ఎప్పుడూ వినలేదు.

మన పాత స్కానింగ్ మిషన్ తీసిన బొమ్మలన్నీ పక్కనున్న కంప్యూటర్‌లో మూటలు కట్టి ఉంటాయని మీకు తెలుసు. జాగా సరిపోక అలా కుక్కి పెట్టాం. ఎవరిదైనా పాత బొమ్మ కావాలంటే ముందు మూట విప్పాలి, తర్వాత నిజాం కాలపు ఉర్దూ భూమి పహాణీని తెలుగులోకి దింపినట్టు దాన్ని తెర మీద కనిపించే బొమ్మగా మార్చాలి. రెండింటికీ రెండు కమాండ్లు. నల్లటి తెర మీద అక్షరం తప్పకుండా, మధ్య ఖాళీ వదలడం మరిచిపోకుండా కొట్టాలి. కంపెనీ ఇంజనీరు ఫోనులో చెబుతుంటే చేతికి కాగితం దొరక్క నేను బొగ్గుతో గోడ మీద రాసుకున్నాను.

ఆ గోడ చూసి డాక్టరు గారికి నామోషీ అయింది. బోర్డులు రాసే పీర్ మహమ్మద్ భాయ్‌ని పిలిపించారు. అదిగో, తలుపు దగ్గర నవ్వుతున్నారు, వారే. కమాండ్లను ఎర్రరంగుతో, నీడలతో సహా, కిరాణా కొట్టు బోర్డంత అందంగా రాశారు. ఏ బోర్డు రాసినా పైన బిస్మిల్లాకు గుర్తుగా 786 వేయడం వారి అలవాటు, ఇక్కడా వేశారు. మర్నాడు డాక్టరు గారు గోడ చూసుకుంటూ ముందు 786 కొట్టి ఎంటర్ నొక్కారు. బ్యాడ్ కమాండ్ అంది కంప్యూటర్. (నవ్వులు) లారీల మీద రోజూ చూసే అంకెనే. కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఎవరి తెలివి వాళ్లకు అందదు.

"భాయ్, గా అంకె తీసెయ్" అన్నారు డాక్టరు గారు.

"అది లేకుంటే నా కుంచె లేవదు సార్. జర ఫికర్ చెయ్యకుండ్రి, మీ దేవుని పేరు గూడ రాస్త" అన్నారు భాయ్. దాని కింద శ్రీరామ వచ్చి చేరింది. దాంతో కొట్టకూడని వరుసలు రెండయ్యాయి. తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు, తన కమాండు ఎక్కడ మొదలవుతుందో తెలియక గోడకు దండం పెట్టి కూర్చున్నాడు. (నవ్వులు)

సరే, నవ్వాం. ఇప్పుడు అసలు సంగతి.

కొత్త మిషన్ వచ్చింది. యాదగిరిగుట్ట ప్రసాదం పెట్టి స్విచ్ వేశాం. మంచి మిషన్, కానీ మన పాత మూటలు దానికి అర్థం కావు. ఆదివారం గోడలకు సున్నం. పాత కంప్యూటర్ పాతసామాన్ల వాడికి. "కొత్తది వచ్చినంక గా డబ్బా ఎందుకమ్మా, జాగ ఆపుతాంది" అన్నారు డాక్టరు గారు.

ఆ వెనక బెంచీ మీద నర్సింగమ్మ ఉంది. తిప్పర్తి దిక్కు నుంచి వచ్చింది. రెండేళ్ల కింద ఆమె తలలో చిన్న గడ్డ కనిపించింది. పెరిగితే ఆపరేషన్, పెరగకుంటే మందులు చాలన్నారు. సోమవారం ఆమెకు మళ్లీ స్కానింగ్. పెరిగిందో లేదో తెలియాలంటే పాత బొమ్మ పక్కన పెట్టి చూడాలి. వానకు ఇల్లు కురిసి ఆమె ఫిల్మ్ ముద్దయింది. ఉన్నదల్లా ఆ డబ్బాలో మూటే. ఇప్పుడే విప్పి పెట్టి పోదామంటే డిస్కులో జాగా లేదు, చూసినంతసేపు ఉంచి తుడిచేయాల్సిందే. నేను రేపు కొల్లాపూర్ బస్సెక్కుతున్నాను. ఈ సోమవారం దాకా నేను ఆగినా, ఇంకో నర్సింగమ్మ ఏ సోమవారం వస్తుందో నాకేం తెలుసు?

పొద్దున ఆమె నా చేయి పట్టుకుని, "బిడ్డా, నా తలకాయల గడ్డ పెరిగిందా లేదా, గంతే జెప్పుండ్రి. నువ్వు పోతాన్నవు, మరి ఎవరు జెప్తరు?" అంది. నాకు భయమేసింది. ఇంతకాలం పనిచేసిన చోటు నుంచి భయంతో వెళ్లడం నాకు ఇష్టం లేదు.

అందుకని ఈ శాలువా మీద గౌరవంతో అడుగుతున్నాను. ఆ ఒక్క గోడకు సున్నం వేయకండి. ఆ డబ్బాను అమ్మకండి. సోమవారం నర్సింగమ్మ మూట ఎవరు విప్పుతారో చేయెత్తండి.

ఫ్యాన్ చప్పుడు బాగానే వినబడుతోంది.

(డాక్టర్ రఘుపతి చేయెత్తారు. చప్పట్లు)

సంతోషం సార్. నర్సింగమ్మా, చూసినవు గదా, సార్ చెయ్యి లేపిండు. సోమవారం ధైర్యంగ రా.

నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, ఒక్కమాట. పై రెండు వరుసలు కొట్టకండి. ఎంటర్ నొక్కే ముందు మనసులో మాత్రం అనుకోండి, రెండూ.

సెలవు.