పాలరాయి సంగతి

కాంతమణి బతికుండగా తన సమాధిరాయి కోసం రాసిపెట్టుకున్న వాక్యం, కాగితంతో సహా పోయింది. ఆ కాగితం పోయిన రోజునే ఆమె భర్త, రసాయనశాస్త్రం చెప్పే మాష్టారు, రెజిమెంటల్ బజార్‌లో రాళ్లు చెక్కే తన పాత శిష్యుడి దగ్గరికి వెళ్లాడు.

"‘మట్టి మట్టిలో కలిసింది’ అని చెక్కుత సార్. అందరు గదే చెక్కిపిస్తరు."

"మట్టి మిశ్రమం. మూలకమూ కాదు, సమ్మేళనమూ కాదు. ఆవిడ సమాధి మీద తప్పు రాయించను."

"పోనీ, ‘బంగారమసుంటి మనిషి’?"

"బంగారం మూలకం. అందులో ఉండేది ఒకే రకం పరమాణువులు. ఆవిడలో ఎన్నో రకాలు."

"అయితే ‘మా ఇంటికి ఉప్పు’ అని రాద్దం. ఉప్పు సమ్మేళనమే గద సార్."

"సమ్మేళనమే. పదో తరగతిలో ఈ మాట రాసుంటే పాసయ్యేవాడివి. కానీ అందులో రెండే మూలకాలు. చాలవు."

"జెర ఆగుండ్రి. ముందుగాల పేరొక్కటి చెక్కుత."

మాష్టారు రాయి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, గీ పాలరాయి ఏంది మరి?"

"సమ్మేళనం. కాల్షియం, కార్బన్, ఆక్సిజన్."

"ఉలి పెడితే ఇంకోటైతదా?"

"కాదు. పొడి చేసినా అదే పదార్థం."

"మరెందుకు సార్ పరేషాన్?"

"రాయికేం కాదయ్యా. పేరు పడితే ఆవిడ లేనట్టే."

శిష్యుడు ఉలి కింద పెట్టాడు.

"ఛాయ్ తాగుతరా సార్?"

"తాగుతాను."

ఛాయ్ తాగి మాష్టారు సీతాఫల్‌మండి బస్సెక్కాడు. రాయి మీద కాంతమణి పేరు ఇంకా చెక్కలేదు.