ఇష్పాయ్

లీమా ఊరి కొండవాలు పేటలో, బాలవాడి గుమ్మం దగ్గర, మనవరాలు నిల్డా తడిపిన చెడ్డీల మూట అందుకుంది అవ్వ.

"ఈ వారంలో ఇది మూడోసారవ్వా. ఇంట్లో పాటీ మీద కూర్చోవడం నేర్పడం లేదా?"

"ఇంట్లో ఒక్క చుక్క పడదు టీచరమ్మా! 'ఇష్పాయ్' అంటుంది, పాటీ పెడతాను. ఇక్కడ అనదా?"

"అంటుంది."

"అది మా కొండోళ్ల కెచువా మాటలే తల్లీ, ఒంటేలు అని. స్పానిష్ మాట్లాడేవాళ్లు, మీకేం తెలుస్తుంది!"

టీచరమ్మ వెనక్కి చూసి తలుపు దగ్గరగా వేసింది.

"తెలుసవ్వా. మా అమ్మా అదే అనేది."

"మరి?"

"పక్కన మిగతా టీచర్లున్నారు. నాకు ఆ మాట అర్థమైందంటే, ఇదీ కొండదేనని నవ్వుతారు."

అవ్వ మూట ముడి బిగించింది.

"ఇవాళ ఎన్నిసార్లు అడిగింది నిల్డా?"

"ఇవాళ అడగలేదవ్వా. నా మొహమే చూస్తూ, నిలబడి పోసేసుకుంది."