మేపుల్ వీధి వెల్డర్ చెప్పిన మాట

అది కాదు వెర్నా, పని రాని పిల్లల్ని పెట్టుకుంటున్నారు ఈ సర్వే కంపెనీలవాళ్లు. పొద్దున ఒక పిల్ల ఫోన్ చేసి, నా పేరైనా సరిగ్గా పలక్కుండా, "అంబులెన్సు పన్ను మీద మీ అభిప్రాయం ఏమిటి సార్?" అంటుంది. అభిప్రాయం అలా అడుగుతారుటే ఎక్కడైనా? ముందు గుమ్మంలో పూలకుండీ బాగుందనాలి. కుక్క పేరడగాలి. ఎదుటివాడు నవ్వు మొదలెట్టాక ప్రశ్న మెల్లిగా జారవిడవాలి.

అడిగింది ఎవర్ని? డెల్బర్ట్ హోస్టెట్లర్‌ని. ఒహాయోలో ఈ కొస నుంచి ఆ కొస దాకా సర్వేల కోసం పదకొండు వేల తలుపులు తట్టినవాణ్ణి.

సరే, తొమ్మిది వేలు. మట్టిలో పడుకుని కూడా నా మాట దిద్దడం మానవు కదా నువ్వు.

తుపాకీ ఎక్కుపెట్టి వచ్చిన రైతు చేత పద్దెనిమిది ప్రశ్నలకీ జవాబు చెప్పించి, వాళ్లావిడ చేసిన ఆపిల్ కేకు తిని, ఇంకో ముక్క మూట కట్టించుకొచ్చినవాణ్ణి నేను. ఆ తుపాకీ గోడకి తగిలించి ఉందని నువ్వు ఊరంతా చెప్పావు. గోడకైతేనేం, గుండు గుండే.

నా కాగితాల్లో "తెలియదు" అనే గడి ఎప్పుడూ ఖాళీ. అదీ నా ఘనత. తెలియదన్నవాడి దగ్గర రెండు నిమిషాలు కూర్చుంటే చాలు, వాడికి అభిప్రాయం పుట్టించి మరీ లేచేవాణ్ణి. నువ్వేమనేదానివి? "నువ్వు జనం మాట వినడానికి పోతావా డెల్బర్ట్, వినిపించడానికా?" నవ్వేవాణ్ణి అప్పుడు.

ఆ పన్ను మళ్లీ ఓటుకొచ్చింది వెర్నా. వచ్చే మంగళవారమే. ముప్పై ఏళ్లకి.

అందుకే వచ్చాను ఇవాళ. పూలు తేలేదు, ఏమనుకోకు. ఒక మాట చెప్పి పోదామని.

ఆ ఏడు అక్టోబరు వాన గుర్తుందా? మన ఊరికి అంబులెన్సు ఉండాలా, దానికి పన్ను కట్టాలా అని, ఓటుకి ముందు అరవై ఇళ్లలో అడిగి రమ్మన్నారు. పత్రికలో వేస్తారట. నాలుగిళ్లు తిరిగాను. మూడిళ్లలో తెలియదన్నారు. నాలుగో ఇంట్లో వద్దని తలుపేశారు. బూట్లలో నీళ్లు. కారెక్కి, హోటలు వెనకాల ఆపి, హీటరు పెట్టుకున్నాను.

నేను ఆ అరవై ఇళ్లూ తిరిగాననే కదా నీకు తెలుసు. నీకే కాదు, దేవుడికి కూడా నేను చెప్పింది అదే.

తక్కిన యాభై ఆరూ కారులోనే రాశాను వెర్నా. కాఫీ చల్లారేలోపు. మా పనిలో అది కొత్తేం కాదులే. ఒకటీ అరా అందరం చేసేవాళ్లం. పదిళ్లలో ఒక ఇంటికి ఆఫీసువాళ్లు ఫోన్ చేసి సరిచూస్తారు కనక, ఫోన్ లేని ఇళ్లూ, ఎత్తని ఇళ్లూ నాకు కంఠతా. కానీ ఒక్క విడతలో యాభై ఆరు? అది నా ఒక్కడి వల్లే అయింది.

బద్ధకం కాదే. పొగరు. ఈ ఊళ్లో ఎవడు నోరు తెరిస్తే ఏం రాలుతుందో నాకు తెలుసనుకున్నాను. పన్నంటే వద్దంటారు, ఇంకేముంది? నిజంలా ఉండాలని కొన్ని "కావాలి"లు వేశాను. మిగతావి వద్దు, వద్దు, వద్దు.

కింద ఖాళీ జాగా ఉండేది, జనం సొంత మాటల్లో చెప్పింది రాయడానికి. అక్కడే నా ప్రతిభ. మేపుల్ వీధి, వెల్డర్, నలభై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. ఊళ్లో లేని మనిషి. వాడి చేత ఇలా అనిపించాను: "పక్కింటివాడి కారు కన్నా తొందరగా ఏ అంబులెన్సూ రాదు."

పదిమందిలో ఆరుగురు వద్దంటున్నారని పత్రికలో వేశారు. పక్కనే, పెద్దక్షరాల్లో, వెల్డర్ మాట.

తర్వాత అది మంగలి నోట విన్నాను. చర్చి మెట్ల మీద విన్నాను. నేను పోసిన కాఫీ నాకే తెచ్చి పోస్తున్నట్టుండేది. నాలుగిళ్లలో మూడిళ్లకి తెలియని ఊరు, రెండు వారాల్లో అంతా తెలిసినట్టు మాట్లాడింది.

ఇక మన వంటింట్లో. నువ్వు గుడ్లు వేయిస్తూ, పత్రిక ఎత్తి చదివావు. అంతకు ముందు రోజు దాకా నువ్వు కావాలన్నదానివి. వాకిట్లో "కావాలి" అని బోర్డు కూడా పెడతానన్నావు. చదివి, అట్లకాడ పక్కన పెట్టి, "ఎంత బాగా చెప్పాడు చూడు. ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు" అన్నావు. "ఆరుగురు వద్దంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందిలే."

నాకు అప్పుడు ఏమనిపించిందో తెలుసా? సిగ్గు కాదు. గర్వం. ఆ మాట నాదేనే అని నాలిక చివరిదాకా వచ్చింది. గుడ్డు ముక్క నోట్లో పెట్టుకుని మింగేశాను.

ఓటింగులో ఆ పన్ను తొమ్మిది ఓట్ల తేడాతో పోయింది. వద్దన్నవాటిలో నీదొకటి.

మూడో ఏడు ఆగస్టులో, అదే వంటింట్లో, అదే పొయ్యి ముందు పడ్డావు. మన కారు ఇంజను విప్పి గరాజులో ఉంది. పక్కింటి ఇర్మా వాళ్లు కౌంటీ సంతకి పోయారు. వీధి పొడుగునా ఏ వాకిట్లోనూ కారు లేదు. పై ఊరి నుంచి అంబులెన్సు రావడానికి ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను.

"ఎందుకింత ఆలస్యం, డెల్బర్ట్?" అన్నావు.

తొమ్మిది వేల తలుపులు తట్టి ప్రశ్నలు వేసినవాణ్ణి. నన్ను ఒక ప్రశ్న అడిగింది నువ్వొక్కదానివే. దానికి జవాబు నా దగ్గరే ఉంది. "వస్తున్నార్లే" అన్నాను.

వాడు ఇంకా కనిపిస్తాడు నాకు. వెల్డర్. కొట్లో రొట్టెల వరసలో, చర్చిలో వెనక బల్ల మీద. ముప్పై ఏళ్లయినా వాడికి నలభై నాలుగే. ముంజేతి మీద కాలిన మచ్చ. ఆ మచ్చ నేను రాయలేదు వెర్నా. వాడే ఎక్కడో తెచ్చుకున్నాడు. ఏమీ అనడు. మర్యాదగా తలూపుతాడు, కన్నవాణ్ణి పలకరించినట్టు.

పొద్దున ఆ పిల్ల అడిగినప్పుడు కూడా గుమ్మంలోనే ఉన్నాడు. "తెలియదు" అన్నాను. నేను. ఆ పిల్ల టిక్కున నొక్కడం వినిపించింది. బతిమాలలేదు, కుక్క పేరడగలేదు.

తర్వాత, "మీ ఇంట్లో ఇంకెవరైనా ఓటర్లున్నారా సార్?" అంది.

"మా ఆవిడ" అన్నాను.

"ఆవిడ ఏమంటారు?"

"కావాలంటుంది. గట్టిగా కావాలంటుంది" అన్నాను. నొక్కేసుకుంది.

యాభై ఏడో దొంగ జవాబు అది. తప్పంటావా? ఒప్పంటావా? ఏదో ఒకటి అను, ఆ పిల్లకి ఫోన్ చేసి కొట్టేయిస్తాను.

అనవు. జవాబు రాని చోట మేమేం చేసేవాళ్లమో చెప్పాను కదా. మాకు తోచింది రాసుకుని, పక్కింటికి పోయేవాళ్లం.