చప్పిడి కూర

అటు తిరిగి పండుకుంటే కూర రుచి మారుతదా వినోదా? ఇటు తిరుగు. గోడల ఏమున్నది? సున్నం రాలుతున్నది, అంతే.

పొద్దటి సంది ఒక్క మాట లేదు. "రేపు దవాఖానకు రాను, మిషన్ మీదికి పోను, నన్ను బతిలాడొద్దు" అన్నవ్, అటు తిరిగినవ్. బతిలాడుతలేను. కూర వండుతున్న. గంతే.

ఆలుగడ్డలు పల్చగ కోసిన. వేడినీళ్లల్ల నానబెట్టిన, ఆ నీళ్లు పారబోసిన. మల్ల ఉడకబెట్టిన, ఆ నీళ్లు గూడ పారబోసిన. దవాఖానల తిండి సంగతి చెప్పే పిల్ల ఎట్ల చెప్పిందో అట్లనే. "తాతా, పొటాషియం అంత నీళ్లల్లకు దిగిపోతది" అన్నది. రుచి గూడ దాని ఎంబడే దిగిపోతదని మాత్రం చెప్పలే.

నవ్వుతవేమో అనుకున్న. సరే.

ఇయ్యాల కొత్త రకం. భైంసా నుంచి బిడ్డ ఫోన్ల వీడియో పంపింది. "బాపూ, ఉప్పు, కారం ఏం లేని కర్రీ అట, మస్తు సులువు, అవ్వకు పనికొస్తది" అన్నది వందన. చూసిన. ఎవరో దొరసాని. అద్దం లెక్క వంటిల్లు. ఇండియా తరీక కూర అట, రాత్రి పూట ఇంటిల్లిపాదికి సులువుగ అయితదట. ఉల్లిగడ్డ ఏసింది, ఇంక ఎర్రగ గూడ కాలే, నీళ్లు పోసేసింది. తర్వాత ఒక డబ్బ తీసి, కర్రీ పొడి అని చల్లింది. కూరల మల్ల కూర చల్లుడేంది? "తాలింపు ఏది తల్లీ" అని ఫోన్‌నే అడిగిన నేను. ఆమె చెంచాతోని ఇంత నోట్లె పోసుకొని కండ్లు మూసుకున్నది. గా సంబురం చూస్తే నాకే ఆశ పుట్టింది.

ఆ పొడి మన మందమర్రిల యాడ దొరుకుతది? దనియాలు, జీలకర్ర ఏంచి దంచిన. పసుపు ఏసిన. ఉప్పు ముట్టలే. ఉప్పంటే యాదికొచ్చింది. పోయినేడు నీకు మంచిదని సోడియం తక్కువున్న ఉప్పు ప్యాకెట్ కొనుక్కొస్తి గదా? నర్సమ్మ అందరి ముంగట అందుకున్నది. "సార్ చదువుకున్నోళ్ల లెక్క ఉన్నరు, ప్యాకెట్ ఎనుక ఏం రాసిండ్రో చదవరా? సోడియం తీసి పొటాషియం పెట్టిండ్రు, కిడ్నీలు పోయినోళ్లకు గదే విషం." నేనేమో కెమిస్ట్రీల డిగ్రీ.

డయాలిసిస్ అనే మాట నేను కరీంనగర్ కాలేజీలనే చదివిన, ఎరుకేనా? ద్రావణం పల్చటి పొరల పోసి నీళ్లల్ల ఏలాడదీస్తే చిన్న కణాలు అవుతలికి పోతయ్, పెద్దయి ఉండిపోతయ్. బొమ్మ గీసిన పరీక్షల, మార్కులు గూడ మంచిగనే పడ్డయ్. మా సారు గా దినం లెక్చరెంబడి నిద్రపోయేటోళ్లను సుద్దముక్కతోని కొడుతుండె. ఆ మాట ఒకనాడు మనింటికొచ్చి మంచం మీద కూసుంటదని ఆయనకు తెలుసా, నాకు తెలుసా? బాయి మీద కాటా కాడ బొగ్గు తూకాలు రాసుకుంట రిటైర్ అయితి. అన్నీ మరిచిపోయిన. గదొక్కటి మరువనియ్యలే.

సలీమా పొద్దుగాల పిట్టగోడ మీదికెల్లి ఏమన్నదో ఇన్నవా? "సాబ్, మీ ఇంట్ల తాలింపు వాసన రాక ఎన్ని దినాలాయె, పొయ్యి ముట్టిస్తున్నరా, రోజా ఉంటున్నరా?" అన్నది. పరాష్కమే గని, తర్వాత కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది.

ఇగో, తల్లెల పెట్టిన. లే, జర ఒరుగు. ఒక్క ముద్ద తిను. తింటే రేపటి ముచ్చట మాట్లాడుదాం. నాలుగు గంటలే గదా మిషన్ మీద ఉండేది. అల్తాఫ్ తెల్లారకముందే ఆటో పట్టుకొస్తడు, మంచిర్యాలకు ఎంత దూరం?

తినవు.

ఆగు, నేను తింట.

...

గిది కూర గాదు వినోదా. బట్టలు జాడించిన నీళ్లు. గా దొరసాని కండ్లు ఎందుకు మూసుకున్నదో ఇప్పుడు సమజైంది.

సంచి దిక్కు ఎందుకు చూస్తున్నవ్? వాసన పట్టినవా? అవును, పుంటికూర. ఆలుగడ్డల కోసం పోయి పోశవ్వ కాడ కూసుంటి, కట్టలు పచ్చగ ఉన్నయి, సంచిల ఏసుకున్న. నువ్వు పోనన్నంకనే పోయిన అంగడికి. ముందు గాదు.

అండ్ల ఎంత పొటాషియం ఉన్నదో నీకు తెలుసు, నాకు తెలుసు. డాక్టర్ ముంగట గోంగూర అని పేరు తీస్తేనే గుడ్లురిమిండు. మిషన్ తప్పితే ఊపిరితిత్తులల్ల నీళ్లు నిండుతయని, దానికి మందు లేదని చెప్పింది గూడ ఆయనే. తిట్టనీ. రేపు మనం యాడ కనవడుతం ఆయనకు?

నూనె పోసిన. ఎల్లిపాయలు, ఎండుమిరపకాయలు ఏసిన. దగ్గొస్తున్నదా? తలుపు తీస్త. సలీమాకు గూడ పోనీ వాసన.

ఆకు మగ్గింది, ఉప్పెంత ఎయ్యాలె? మాట్లాడకున్న మంచిదే, చెయ్యి చూపు. గింతనా? ఇంకింతనా? సరే.

కూసున్నవా? మెల్లగ. దిండు పెడుత.

ఒక మాట చెప్త, తినుకుంట ఇను. అల్తాఫ్‌కు ఫోన్ చేసిన, పొద్దున ఆటో తేవద్దని. "ఎందుకు సాబ్, అమ్మ తబియత్ ఖరాబైందా?" అన్నడు పాపం. లేదురా, పండుకుంటదట అన్న. నిన్ను అడగకనే చేసిన. ఆలుగడ్డలు కోసేటందుకు ముందే చేసిన. మరి గా చప్పిడి కూర ఎందుకు వండితివంటవా? వందన అడిగితే నీ వీడియో కూర చేసిన అని చెప్పాలె గదా.

నువ్వు పోను అన్నప్పుడు నాకు కోపం రావాలె. బతిలాడొద్దంటివి, బతిలాడాలె. ఏడ్వాలె. ఏదీ రాలే. రేపు చీకటితోని లేసుడు లేదు, నిన్ను ఎత్తి ఆటోల పెట్టుడు లేదు, ఆ రబ్బరు బెంచీ మీద కూసుండుడు లేదు అనుకున్న. పానం తేలికైంది. మిషన్ లేకుంటే నువ్వు పోతవని తెలిసి గూడ తేలికైంది వినోదా.

వందనకు అవ్వనే వద్దన్నదని చెప్త. అబద్ధం గాదు గదా.

తిను. వేడిగున్నది, ఊదుకో.