మునగాల దాక ఎగిరిన నాయిన

సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సుల, నా ముందు సీట్ల తండ్రీ బిడ్డా కూసున్నరు. బిడ్డకు ఇంటర్ ఫిజిక్స్ సప్లిమెంటరీ పరీక్ష ఉన్నదట.

"కాలు ఊపకు బిడ్డా, సీటంత ఊగుతంది."

"పరేషాన్ చెయ్యకు నాయినా. ఫోన్ల పాఠాలన్నీ నిమిషం వీడియోలు. ఒకటి సూస్తుంటే ముందు సూసింది మర్శిపోతున్న. ఈసారి ఫెయిలైతే ఏడాది ఖతం."

"ఫోన్ ఇటియ్యి, నా ముచ్చట ఇను. ఒకపారి వడ్ల లారీ మీద నిలబడి వస్తున్న. సూర్యాపేటల డ్రైవర్ బ్రేకు కొట్టిండు. నేను ఎగిరిపోయి పాతిక కిలోమీటర్ల అవతల మునగాలల పడ్డ! లారీ వచ్చేదాక ఛాయ్ తాగుకుంట కూసున్న."

"అబ్బ, ఊకో నాయినా!"

"ఏం, బ్రేకు కొడితే ముందుకు పడరా?"

"పడ్తరు. బ్రేకు లారీకి పడ్డది, నీకు పడలే. నువ్వు అదే స్పీడుల ముందుకు పోతవ్. గని భూమి కిందికి గుంజుతది గద! జర దూరంలనే కింద పడ్తవ్. మునగాల దాక ఎట్ల పోతవ్?"

"ఇది ఏ వీడియోల సూసి చెప్తున్నవ్?"

"ఫోన్ నీ జేబులనే ఉన్నది గద..."

"అయితే నాది అబద్ధమంటవ్?"

"పచ్చి అబద్ధం!"

"కోదాడ వచ్చింది, దిగు. ఎందుకు అబద్ధమో గట్లనే రాసి రా, పో."