మీరు ఆగిన చోటు

ఇదెక్కడి న్యాయమండీ! మీరు పోయి ఏడాది తిరక్కుండానే మీ గొంతు వినిపించి, మార్కు వేయమంటారా నన్ను?

మీ కుర్చీ కదపలేదు లెండి, ఎదురుగా కూర్చున్నా. చెప్పులు కూడా విప్పలేదు. ముందిది వినండి.

పరీక్షల ముందు కాలేజీలో అందరం ఒక గదిలో చేరేవాళ్ళం కదా, పాఠాలు చెప్పే మీరూ, ల్యాబు వాళ్ళూ, లైబ్రరీ నుంచి నేనూ? అందరి మార్కులూ ఒకే కొలతకి రావాలని, పిల్లలు నోటితో చెప్పగా రికార్డు చేసిన జవాబొకటి వినడం, ఎవరికి వాళ్ళం మార్కు వేయడం, తేడా ఎందుకొచ్చిందో పోట్లాడుకోవడం. ఆ పద్ధతి పెట్టిందే మీరు. ఇవాళ లెక్కల మేష్టారు పాత రికార్డింగు ఒకటి పెట్టారు.

మంచుగడ్డ నీళ్ళ మీద ఎందుకు తేలుతుందని ఒకమ్మాయిని అడుగుతున్నారు. ఎవరు? మీరే!

మార్కు వేయడానికి తీసిన పెన్ను కింద పెట్టేశాను. తలెత్తితే ఒక్కరూ నా వైపు చూడరే!

ఆ పిల్లకి నోరు పెగల్లేదు. "తొందరేం లేదమ్మా, ఆలోచించుకో" అన్నారు మీరు. ఆ తర్వాత... అబ్బ, ఎంతసేపండీ! ఫ్యాను చప్పుడు, మీ ఊపిరి. పక్కన పడుకుని విన్నదాన్ని, ఆ ఊపిరి నాకు తెలియదూ? మీరు గొంతు సవరించుకుంటే, "మంచినీళ్ళు తేనా" అనబోయాను, నిజం. చివరికా పిల్ల మెల్లగా మొదలుపెట్టి, మొత్తం చెప్పేసింది.

ల్యాబు అసిస్టెంటు కళ్ళు తుడుచుకున్నాడు. లెక్కల మేష్టారేమో, "అంతసేపు ఆగితే గోడ కూడా జవాబు చెబుతుంది. ఇది కొలతకి పనికిరాదు, తీసేద్దాం" అన్నారు. తీసేస్తే చెరిపేయాలి. వాడని రికార్డింగుల్లో పిల్లల గొంతులు దాచుకోకూడదన్న నియమమూ మీదే.

చేతులెత్తమన్నారు. అటూ ఇటూ సమానంగా లేచాయి. నాదొక్కటే మిగిలింది.

తీసేయమనే ఎత్తాను.

అలా చూడకండి. మా చెల్లెలి రెండో బిడ్డని పెంచుకుందామా అని అడిగింది మీరే, నేను నోరు తెరిచేలోపు "వద్దులే, నీవల్ల కాదు" అన్నదీ మీరే. ఊఁ అనబోతున్నానండీ నేను! కాపురమంతా అంతే. పోనీ, మనిషి తీరే అంత అని సరిపెట్టుకున్నా. ఆగడం మీకు చేతనవునని ఇవాళేగా తెలిసింది!

మీ గొంతు ఇక ఎక్కడా లేదు. అయినా ఆ ఊపిరి నాతో ఇంటిదాకా వచ్చింది.

సరే, ఇప్పుడు నేనడుగుతాను. నా దగ్గర ఎందుకు ఆగలేదండీ?

తొందరేం లేదు. ఆలోచించుకోండి.