ఎదుట చెప్పగలిగిందే చేయడం

1991 జూలై 12వ తేదీన నాందేడ్‌లోని మన విత్తన పరీక్షా ప్రయోగశాలలో సహాయకురాలిగా అడుగుపెట్టిన శ్రీమతి అనంతలక్ష్మి గారు, ముప్పై నాలుగేళ్ల నిష్కళంక సేవానంతరం ప్రధాన విశ్లేషకురాలిగా నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఒకరి విషయంలో తాను చేసిన పనిని వారి ఎదుట నిలబడి చెప్పగలగాలి, చెప్పలేనిది చేయకూడదు అన్నది వారు తమకు తాము విధించుకున్న ఏకైక నియమం.

2005లో ఆమె ఎదుటి బల్లకు వచ్చిన శివరాజ్, అంటే ఈ వ్యాసకర్త, ఆ నియమాన్ని ఏనాడూ నమ్మలేదు. ఇంత మంచితనం వెనక ఏదో మతలబు ఉండి తీరుతుందని, ఆమె ఫోన్‌లో గొంతు తగ్గించినా, సొరుగుకు తాళం వేసినా ఓ కన్నేసి ఉంచేవాడు.

2017 జూన్‌లో కుండల్‌వాడిలోని ఒక దుకాణం నుంచి సోయా విత్తన నమూనా వచ్చింది. ఆ దుకాణం ఆమె సొంత అన్న వెంకట్రావ్ గారిది. పరీక్షను వేరొకరికి అప్పగించమని ఆమె కోరినా, సిబ్బంది కొరత వల్ల అది ఆమెకే వచ్చింది. పదిహేను రోజులకు, పని మీద ఆ ఊరు వెళ్లిన శివరాజ్‌కు ఆ దుకాణం మెట్లు దిగుతూ ఆమె కనిపించారు. ఇంకేముంది, నివేదిక తారుమారైందని నిశ్చయించుకుని, పేరు లేని ఫిర్యాదొకటి పై అధికారులకు పంపాడు.

విచారణాధికారి ఫైలు తెరిస్తే, వందలో నలభై ఒక్క గింజలే మొలిచాయని, ఆ విత్తనం అమ్మకానికి పనికిరాదని ఆమె స్వహస్తంతో రాసి ఉంది. నివేదిక వెళ్లిన మర్నాడే ఆమె కుండల్‌వాడి వెళ్లారు. ఎందుకని అడిగితే, "రాసింది నేనే. అన్న ఇంకొకరి నోట వినొద్దని పోయి చెప్పిన సార్," అన్నారు.

దుకాణం లైసెన్సు రద్దయింది. ఆమె కూతురు, తన మేనకోడలు శ్రీలక్ష్మి పెళ్లికి కూడా ఆ అన్న రాలేదు.

ఈ వీడ్కోలు సంచికకు రాయమన్నప్పుడు శివరాజ్‌కు కలం కదలలేదు. గత సోమవారం ఆమె దగ్గరికి వెళ్లి, ఆ ఫిర్యాదు తనదేనని చెప్పేశాడు. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నీ మీద నాకు అప్పటిసంది అనుమానమే ఉండె శివరాజ్. ఎనిమిదేండ్లు నీ ముందటనే కూసున్న గానీ, ఒక్కనాడు అడగలె. నా నియమం నేనే తప్పిన."

వారి అనుమతితోనే ఇది అచ్చవుతోంది. శ్రీమతి అనంతలక్ష్మి గారు సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలని, ఆ నూరేళ్లలో ఏదో ఒక ఉదయం వెంకట్రావ్ గారు చెల్లెలి గడప తొక్కాలని, కార్యాలయ సిబ్బంది పక్షాన శివరాజ్ మనసారా కోరుకుంటున్నాడు.